యంత్రానికి చెప్పిన చిరునామా

విజయనగరంలో శశాంక్ అనే వెబ్ డిజైనర్ ఉండేవాడు. పనిలో చురుకే గానీ, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక అతనికి లేదు. తాను చేసిన సైటు నెట్‌లో వెతికిన వెంటనే అన్నిటికంటే పైన కనిపించాలి, ఎవరు చేశారని నలుగురూ అడగాలి. అతని ధ్యాసంతా అదే.

ఒకసారి సత్యవేణి అనే ఆవిడ అతన్ని పిలిపించింది. ఆవిడ జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసేది, ఆడపిల్లలకు ఆ పని నేర్పేది. కూతురు లిఖితతో కలిసి ఊరి చివర ఒక అద్దె ఇంట్లో ఉండేది. శశాంక్ ఆ ఇంటికి వెళ్లి, సైటు కోసం జాకెట్లను ఫొటోలు తీసుకున్నాడు.

"సైటులో నా ఫోన్ నంబరు ఒక్కటే పెట్టు బాబూ. ఇంటి అడ్రసు వద్దు. ఫోన్ చేసినవాళ్లు ఎవరో ఏమిటో కనుక్కుని నేనే చెబుతాను. ఎందుకంటే..." అంది సత్యవేణి.

"అర్థమైందండీ, పెట్టను," అన్నాడు శశాంక్. అప్పటికే అతను గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటున్నాడు.

అన్నట్టే పేజీ మీద అడ్రసు పెట్టలేదు. కానీ వెబ్ పేజీలో మనుషులకు కనిపించే మాటలే కాదు, యంత్రాలు చదువుకోవడానికి ట్యాగులనే గుర్తులు కూడా రాయొచ్చు. ఇది పేరు, ఇది వీధి, ఇది ఇంటి నంబరు అని ఒక్కోదానికీ చీటీ అంటించినట్టు రాస్తే, వెతికిపెట్టే యంత్రాలు వాటిని ఏరుకుని దాచుకుంటాయి. ఆ చీటీలు నిండుగా ఉంటే సైటు పైకి వస్తుందని శశాంక్ ఆశ. ‘పేజీ మీద కనిపించదు కదా, ఏమవుతుందిలే’ అనుకుని ఇంటి అడ్రసంతా ట్యాగుల్లో రాసేశాడు.

సైటు పైకి వచ్చింది. సత్యవేణికి పని పెరిగింది. ఒకరోజు ఎవరో అమ్మాయి, ముందుగా ఫోనైనా చేయకుండా, జాకెట్టు గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మా ఇల్లు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగింది సత్యవేణి.

"ఎవరూ చెప్పలేదాంటీ. మీ పేరు కొడితే ఫోనే దారి చూపించింది."

సత్యవేణి చేతిలో సూది ఆగిపోయింది. వెంటనే శశాంక్‌కు ఫోన్ చేసింది.

"పేజీలో ఎక్కడా లేదండీ, కావాలంటే చూసుకోండి," అన్నాడు శశాంక్. ఆ మాట అంటూ ఉండగానే ట్యాగులు గుర్తొచ్చాయి. ఉన్నదంతా చెప్పేశాడు.

"ఆవేళ చెప్పబోతే నువ్వు వినలేదు బాబూ," అంది సత్యవేణి. "మా ఆయన తాగొచ్చి నన్నూ పిల్లనూ చావగొట్టేవాడు. తప్పించుకుని ఈ ఊరొచ్చాం. మా కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడట."

శశాంక్ ట్యాగులు చెరిపేశాడు. మళ్లీ వెతికి చూశాడు. అడ్రసు పోలేదు. మరో సైటు దాన్ని ఎత్తి పెట్టుకుంది, దాన్ని చూసి ఇంకో సైటు. తీసేయమని అందరికీ రాశాడు. ఒక్కరూ జవాబివ్వలేదు. అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఫోన్ చూడాలనిపించేది. చూస్తే అదే వీధి, అదే ఇల్లు. ఉండబట్టలేక బండి తీసి సత్యవేణి ఇంటికి బయలుదేరాడు.

వీధి మొదట్లో ఒకతను చెయ్యెత్తి ఆపాడు.

"తమ్ముడూ, మగ్గం వర్క్ సత్యవేణి ఇల్లు ఏది? ఇక్కడే అని చూపిస్తోంది," అంటూ ఫోన్ ముందుకు చాచాడు. మందు వాసన గుప్పుమంది. ఫోన్‌లో శశాంక్ రాసిన అడ్రసు పొల్లు పోకుండా ఉంది.

"తెలీదన్నా," అని శశాంక్ బండి ఉరికించాడు.

లిఖిత వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. "మీ నాన్నొచ్చాడు, లోపలికి పద!" అంటూ ఆ పిల్లను లాక్కెళ్లి తలుపు గడియ వేశాడు. పోలీసులకు ఫోన్ చేశాడు. అంతలోనే తలుపు దబదబా మోగింది. బయటి నుంచి తిట్లు. లిఖిత తల్లిని కరుచుకుని వణికిపోయింది. శశాంక్ తలుపుకు వీపు ఆనించి, కాళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ఆ గోలకు ఇరుగుపొరుగు పోగయ్యారు. పోలీసులు వచ్చి ఆ తాగుబోతును తీసుకెళ్లారు.

కానీ ఆ ఇంట్లో ఇక ఉండేదెలా? అతను రేపు బయటికొస్తే నేరుగా ఇక్కడికే వస్తాడు. నేర్చుకునే పిల్లలను వదులుకుని, లిఖితను బడి మాన్పించి, సత్యవేణి సామాను సర్దుకుంది. మగ్గాన్ని వ్యాను ఎక్కించడానికి శశాంక్ కూడా చెయ్యి వేశాడు.

"తప్పు నాదేనమ్మా. ఏ ఊరు వెళ్తున్నారో చెప్పండి. అక్కడ మీకేం కావాలన్నా వచ్చి చేసిపెడతాను," అన్నాడు.

సత్యవేణి అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"ఆ రోజు తలుపు దగ్గర నిలబడ్డావు. ఆ మేలు మరిచిపోను బాబూ," అంది. "కానీ ఏ ఊరో మాత్రం నీకు చెప్పను."

వ్యాను వెళ్లిపోయింది.

నీతి: ఒకరు మనల్ని నమ్మి చెప్పిన వివరం మనది కాదు, వారు ఒప్పుకోనిదే దాన్ని మనిషికే కాదు, యంత్రానికి కూడా చెప్పకూడదు.