మూడడుగులూ, ముదురు పాకమూ

అనగనగా, మన చెరకు తోటలకి అవతల బెల్లంపాడు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో బెల్లం ఎంత వండేవాళ్ళంటే, అక్కడి చీమలకి కూడా పళ్ళు పుచ్చిపోయేవి. ఏంటా నవ్వు? అమ్మమ్మ అబద్ధం చెబుతుందా ఎప్పుడైనా? కాస్త సాగదీసి చెబుతానంతే. పిండిముద్దని సాగదీయకపోతే చపాతీ అవుతుందేంటి?

ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టు మైనా. నువ్వు రోజూ అడుగుతావు చూడు, "అమ్మమ్మా, మనింట్లో పాలకి ఈ మాడు వాసనేంటీ" అని. ఆ సంగతి ఈ కథ చివర్లో ఉంది. మధ్యలో నిద్రపోయావో, ఇక అది నీకు తెలిసేదీ లేదు, నాకు గుర్తుండేదీ లేదు.

ఆ ఊళ్ళో సత్యవేణి అని ఒకావిడ ఉండేది. ఎంత అందగత్తె అంటే, ఆవిడ వాకిట్లో ముగ్గేస్తుంటే చూద్దామని సూర్యుడు ఒక గడియ ముందే లేచి కూర్చునేవాడు. ఏంటీ, నీ పేరూ సత్యవేణే కదా అంటావా? లోకంలో సత్యవేణి ఒక్కతే ఉండాలని రూలుందా? ఊరుకో.

ఆ సత్యవేణికి పెళ్ళైన ఆరేళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు రత్నకుమారి. ఏంటీ, మీ అమ్మ పేరూ అదేనా? ఎంత విచిత్రమో చూడు!

ఆ ఊళ్ళో ఒక వేడుకుండేది. చంటిపిల్ల మొదటిసారి బోర్లపడిన రోజున వాళ్ళమ్మ బొబ్బట్లు చేసి వీధంతా పంచేది. పిల్ల మొదటిసారి గడప దాటిన రోజున గారెలు వండేది. ఇక మొదటి అడుగేసిందంటే అరిసెలే.

సత్యవేణికి వంటంటే భయం లేదు. ఆవిడకున్న ఆశ ఒక్కటే. పిల్ల ఏది మొదటిసారి చేసినా తనే చూడాలి. తన కళ్ళతో చూడాలి. ఇంకెవరో చూసొచ్చి చెబితే వినడం కాదు. ఆరేళ్ళు ఎదురుచూసిన తల్లి కదా, ఆ మాత్రం ఆశ ఉండదూ?

అయితే పక్కింట్లో గవరమ్మత్త ఉండేది. ఊళ్ళో ఏం జరిగినా అందరికంటే ముందు తనకే తెలియాలి ఆవిడకి. ఆవిడ మెడ ఎంత పొడుగంటే, ఇక్కడ గోడ మీంచి తొంగి చూసి, నాలుగో ఇంట్లో ఏం కూరో చెప్పేసేది. కూరలో ఉప్పు తక్కువైందో లేదో కూడా చెప్పేసేది.

అప్పుడు రత్నకి నాలుగో నెల వచ్చింది. కాళ్ళు గాల్లో తన్నుతోంది, నడుం తిప్పుతోంది, ఇవాళో రేపో బోర్లపడేట్టుంది. సత్యవేణి పిల్ల ముందు కూర్చుని తొమ్మిది రోజులు రెప్ప వేయలేదు. కళ్ళల్లోకి దోమలొచ్చి కాపురాలు పెట్టినా వేయలేదు.

పదో రోజున ఆవిడకి ఒక కంగారు పట్టుకుంది. "పిల్ల బోర్లపడ్డాక పప్పు నానబెడితే బొబ్బట్లు ఎప్పటికి చేస్తాను? ముందే శనగపప్పు నానేసుకుంటే పోలా?" అని వంటింట్లోకి వెళ్ళింది. శేరు పప్పు కడిగేంత సేపు. అంతే.

"వేణీ! ఒసేయ్ వేణీ! నీ కూతురు బోర్లపడిందే! నేను చూశా!" అని గోడ మీంచి గవరమ్మత్త కేక పెట్టింది. ఆ కేకకి మూడూళ్ళ కాకులు లేచిపోయాయి.

సత్యవేణి పరుగెత్తుకొచ్చింది. పిల్ల బోర్లా పడుకుని, మెడెత్తి, చాప కొస నములుతోంది. "మళ్ళీ ఒక్కసారి తల్లీ, అమ్మ కోసం" అని పిల్లని వెల్లకిలా తిప్పింది. పిల్ల బోసినోరు తెరిచి నవ్వింది. ఆ తర్వాత హాయిగా నిద్రపోయింది.

సాయంత్రానికి బొబ్బట్లు పంచింది సత్యవేణి. ఒక్కొక్కటి బండి చక్రమంత. అందరూ తిన్నారు, మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం తినలేదు.

ఆ తర్వాత ఎనిమిదో నెల వచ్చింది. రత్న పాకడం మొదలుపెట్టింది. పాకడమంటే మామూలుగానా? ఆ పిల్ల అటూ ఇటూ పాకుతుంటే నేల అరిగి నున్నబడి, వాళ్ళ నాన్న మూడుసార్లు జారిపడ్డాడు. పాపం, ఆయన బెల్లం వండే కొట్టంలో పనిచేసేవాడు, ఒళ్ళంతా పాకమేమో, పడ్డ చోట అతుక్కుపోయేవాడు.

పిల్ల గడప దాకా పోతుంది, గడప మీద చెయ్యేస్తుంది, బయటికి చూస్తుంది, వెనక్కి వచ్చేస్తుంది. "ఈసారి నన్ను దాటుకునే పోవాలి" అని సత్యవేణి గడప మీదే బైఠాయించింది. అక్కడే తిండి, అక్కడే జడ. కానీ గడప మీద అమ్మ కూర్చుంటే పిల్ల దాటేదెలాగా? ఆ సంగతి ఆవిడకి ఆరో రోజున తట్టింది.

అప్పుడు లేచింది. లేచాక మళ్ళీ ఆ పాడు కంగారే. "మినప్పప్పు నానబెట్టే ఉంది. కాస్త రుబ్బి పెట్టుకుంటే, పిల్ల గడప దాటగానే గారెలు వేసేయొచ్చు కదా." పెరట్లో రోలు దగ్గర కూర్చుంది. పొత్రం ఎలా తిప్పిందనుకున్నావు? ఆ చప్పుడుకి వాన వస్తోందనుకుని జనం బట్టలు తీసేసుకున్నారు. రెండు చేతులా మోచేతుల దాకా పిండి.

"వేణీ! ఒసేయ్ వేణీ! రత్న గడప దాటేసిందే!"

ఎవరో చెప్పు? ఆవిడే! ఇంటి ముందు గేదె పాలు పితుకుతూ చూసిందట. "నేనే కాదే, మా గేదె కూడా చూసింది. నీకు తప్ప అందరికీ కనబడింది" అని ఒకటే నవ్వు. గేదె కూడా అవునన్నట్టు తల ఊపింది. దానికి తోక మీద కొట్టాలనిపించింది నా... ఆ సత్యవేణికి.

ఆ రోజు గారెలు పంచేటప్పుడు సత్యవేణి కళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. ఉల్లిపాయలు తరిగానని చెప్పింది. గారెల్లో ఉల్లిపాయలు వేయనేలేదు.

ఆ తర్వాత పిల్లకి ఏడాది దగ్గర పడింది. గోడ పట్టుకుని నిలబడుతోంది. అప్పుడు సత్యవేణి దేవుడి ముందు దీపం పెట్టి ఒట్టు పెట్టుకుంది. "బోర్లపడటం పోయింది, గడప దాటడం పోయింది. నా పిల్ల మొదటి అడుగు మాత్రం నేను చూసి తీరతాను."

పిల్ల కాళ్ళకి వెండి మువ్వలు కట్టింది. తన చీర కొంగు తీసి పిల్ల మొలతాడుకి ముడేసింది. రాత్రింబగళ్ళు చంకనే మోసింది. ఎన్నాళ్ళు మోసిందంటే, నడుం ఒక పక్కకి ఒరిగిపోయి, ఆవిడ నిటారుగా నడుస్తుంటే ఊరే వంకరగా కనబడేది.

అప్పుడు గవరమ్మత్త గోడ మీద గడ్డం ఆనించి, "అడుగేసిన రోజునే, పొద్దు గుంకేలోగా అరిసెలు పంచాలే. లేకపోతే పిల్ల నడకలో బద్ధకస్తురాలవుతుంది" అంది. అలా ఎవరన్నారో, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అరిసెల మీద ఆశ కొద్దీ ఆవిడే పుట్టించింది.

కానీ తల్లి మనసు కదా, నమ్మేసింది. అరిసెలంటే ఒక పూటలో అయ్యే వంటా? బియ్యం నానాలి, తడిపిండి దంచాలి, జల్లించాలి. మళ్ళీ కంగారు! బియ్యం నానబోసింది. పిల్లని ఒక చంకనేసుకుని, రెండో చేత్తో పిండి దంచింది. ఆ రోకటి పోటుకి పొరుగూరి వాళ్ళు భూకంపమని చాపలు తెచ్చుకుని ఆరుబయట పడుకున్నారు.

మూడో రోజు పొద్దున పెరట్లో పొయ్యి వెలిగించి, బెల్లం పాకం పెట్టింది. మరుగుతున్న పాకం దగ్గరికి పిల్లని తేకూడదు కదా. అందుకని కొంగు ముడి విప్పి, పదడుగుల దూరంలో, బీరపాదు పందిరి గుంజ పక్కన కూర్చోబెట్టింది.

అరిసెల పాకం సంగతి నీకు తెలుసా? పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వేయాలి. అది ఉండ కట్టిందా, ఆ క్షణానే దించి పిండి కలపాలి. తుమ్మితే ఆలస్యం, దగ్గితే ఆలస్యం. కాస్త ముదిరిందో, అరిసెలు కావు, బండరాళ్ళే.

చుక్క వేసింది. ఉండ కట్టింది.

అప్పుడే, వెనకాల, ఘల్ మంది.

పాకే పిల్ల మువ్వలు గలగలమంటూ కలిపి మోగుతాయి మైనా. ఇది అలా కాదు. ఒక్కటే ఘల్. ఆ తర్వాత ఏమీ లేదు. తిరిగి చూస్తే, పిల్ల గుంజ వదిలేసి, రెండు చేతులూ గాల్లోకి చాపి, ఊగుతూ నిలబడి ఉంది.

గోడ మీద గవరమ్మత్త మెడ అప్పటికే వచ్చేసింది. "వేణీ, పాకం! పాకం చూసుకో! పిల్లని నేను చూస్తాలే!" అని అరిచింది.

చూస్తుందట! రెండుసార్లు చూసింది చాల్లేదూ?

"పాకాన్ని నువ్వే చూసుకో అత్తా! నా కూతుర్ని నేను చూసుకుంటా!" అని గరిటె విసిరేశాను. అది కొబ్బరిచెట్టు ఎక్కి కూర్చుంది. నేను నాలుగంగల్లో పిల్ల ముందుకి ఉరికి, మట్టిలో మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాపాను.

మొదటి అడుగు. కుడికాలు. నీటిలో ఉన్నట్టు మెల్లగా పైకి లేచి, ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఒక్క క్షణం ఆగి, దిగింది. ఘల్.

రెండో అడుగు. ఈసారి పిల్ల నా వంక చూడలేదు, తన కాళ్ళ వంక చూసుకుంది. ఇవి నావేనా అన్నట్టు. ఘల్.

మూడో అడుగు అడుగు కాదే, దూకుడు. వచ్చి నా మెడ మీద పడింది. చొంగ, మట్టి, బీరపువ్వు పుప్పొడి, అన్నీ నా మొహానికి పూసింది. ఆ మూడడుగులకి ఎంతసేపు పట్టిందో తెలుసా? మూడేళ్ళు. ఒట్టు! ఈసారి సాగదీయడం లేదు.

ఏంటీ? "గరిటె విసిరేశాను" అన్నానా? పట్టేశావా దొంగా! సరే, ఆ సత్యవేణి నేనే. అందగత్తెనన్న మాట మాత్రం నిజం.

మరి పాకం ఏమైందంటావా? దాన్ని కాపాడదామని గవరమ్మత్త గోడెక్కింది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పడి, గోడ మీద గుర్రపు స్వారీలా ఇరుక్కుపోయింది. నలుగురొచ్చి దించేసరికి పాకం నల్లబడి, గరిటె దిగనంత ముదిరిపోయింది. అయినా నేను అందులోనే పిండి కుమ్మి, అరిసెలు వేసి, పొద్దు గుంకేలోగా వీధంతా పంచాను.

మునసబు గారు కొరికితే కట్టుడు పళ్ళు అరిసెకే ఉండిపోయాయి. ఆయన చెల్లెలు ఆవకాయ జాడీ మీద బరువుగా పెట్టుకుంది. గవరమ్మత్త మాత్రం తన అరిసెని మూడు రోజులు గేదెపాలల్లో నానేసి తినేసింది. "పాకం ముదిరినా రుచి బాగుందే వేణీ" అంది. "నువ్వు చూశావు కదా, అది చాలు" అని కూడా అంది. ఆ రోజు నుంచి నాకు ఆవిడంటే ఇష్టం.

ఈసారి నేనూ తిన్నాను. ఒక పన్ను విరిగింది. చూడు, ఇదిగో ఇక్కడ ఖాళీ. నవ్వినప్పుడల్లా కనబడుతుందే, అదే.

ఒక్క అరిసె మిగిలింది. అదెక్కడుందో చెప్పనా? మన పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక నల్లరాయి అడ్డం పెడతాం చూడు. మీ అమ్మ ఎప్పుడూ బొటనవేలు కొట్టుకుని తిట్టుకుంటుందే, అదే! రేపు నాకి చూడు. కాస్త తియ్యగా ఉంటుంది.

ఆ తర్వాత మీ అమ్మ కాళ్ళు ఆగితే కదా! ఒకనాడు నడిచింది, మర్నాటికి పరిగెత్తింది, నేను తిరిగి చూసేసరికి వాళ్ళ నాన్న సైకిలు తీసి కాలవలో పడేసింది. గౌను పొట్టిదయ్యేది, నేను కొత్తది కుట్టించేలోపు ఆ కొత్తదీ పొట్టిదయ్యేది. బడికి వెళ్ళే మొదటి రోజు ఏడుస్తుందని చేతిరుమాలు పెట్టుకుని వెంట వెళ్ళాను. అది గేటులోకి పరిగెత్తి, వెనక్కి తిరిగి, "నువ్వింక పో అమ్మా" అంది. ఆ రుమాలు నాకు పనికొచ్చింది.

ఇప్పుడు చూడు, మీ అమ్మ కండక్టరమ్మ! కదిలే బస్సులో కడ్డీ పట్టుకోకుండా నడుస్తుంది. అందరూ ఊగిపోతారు, అది ఊగదు. బీరపందిరి కింద మూడడుగులకే తడబడ్డ పిల్ల!

రోజూ తెల్లారుతూనే, ఖాకీ చొక్కా వేసుకుని, టిక్కెట్ల మిషను భుజాన తగిలించుకుని, తడి జడతో మొదటి బస్సుకి బయల్దేరుతుంది కదా. అప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉంటాను. మెట్లు దిగే చప్పుడు వినబడగానే వీధి గుమ్మంలోకి వచ్చేస్తాను. అది నడిచి వెళ్తుంటే చూస్తాను. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, రోజూ ఒకటే కేక పెడుతుంది.

"అమ్మా! పాలు!"

నేను కదలను. అది మలుపు తిరిగి, జడ కొస కూడా కనబడకుండా పోయేదాకా కదలను. ఆ తర్వాత లోపలికి వస్తాను. అప్పటికి పాలు...

ఆఁ! మాడిపోతాయి! తెలిసిందా ఇప్పుడు?

ఏంటీ, రేపు నిన్నూ లేపాలా? లేపుతాను. ఇద్దరం గుమ్మంలో నిలబడి చూద్దాం. మరి పాలెవరు చూస్తారంటావా? నువ్వు మాత్రం చూడకు. నువ్వు మీ అమ్మని చూడు. నేను మీ అమ్మనీ చూస్తాను, చూస్తున్న నిన్నూ చూస్తాను. రెండు కళ్ళున్నది అందుకే. మాడు పాలల్లో రెండు చెంచాల బెల్లం ఎక్కువేసుకుందాంలే.

ఇక కళ్ళు మూయి.

పాకం ముదిరింది, పన్ను విరిగింది,
పాప నడిచింది, పాలగిన్నె మాడింది,
కథేమో కంచి బస్సెక్కింది,
మైనా మంచమెక్కింది,
రైట్... రైట్!