తాబేలమ్మ రెండు తొట్లు

ఇదివరకు కలం పట్టి ఏదీ రాసింది లేదు, ఇదే మొదలు. అక్షరాలు కాస్త అటూ ఇటూ పోయినా సర్దుకుని చదువుకోండి. కథకు మాత్రం ఢోకా లేదు.

సముద్రంలో కలిసే ముందు ఒక ఉప్పుటేరు మడ చెట్ల నడుమ నింపాదిగా పారుతుండేది. దాని గట్ల వెంట నీటికుక్కలు చెరువులు తవ్వుకుని రొయ్యలు పెంచేవి. ఆ జంతు రాజ్యమంతటికీ రొయ్యలు అక్కడి నుంచే వెళ్లాలి. దూర తీరాల నుంచి వచ్చే సముద్రపు పిట్టలు కూడా ఆ ఏటి రొయ్యలంటే కళ్లు మూసుకుని పట్టుకుపోయేవి. ఎందుకంటే అక్కడో కట్టడి ఉంది. కొత్త మేతైనా, కొత్త మందైనా ముందు తాబేలమ్మ తొట్లలో పడాలి. ఒక తొట్టిలో వేసి, రెండో తొట్టిలో వేయకుండా రెండూ పోల్చి చూసి, తాబేలమ్మ సరేనంటేనే అది చెరువుల్లోకి పోవాలి.

తాబేలమ్మకు సిగ్గెక్కువ. నలుగురిలో ఎవరైనా పలకరిస్తే తల లోపలికి పోయేది. తొట్ల దగ్గర మాత్రం దాని మాటకు తిరుగులేదు.

ఒకనాడు నక్క సొరబుర్ర నిండా పచ్చటి రసం పట్టుకుని గట్టు మీదికొచ్చింది.

"మూలికల మందు! చెరువులో కాస్త పోస్తే వేలెడు రొయ్య జానెడవుతుంది. నాకు పెద్ద ఆశలేం లేవు. వల వేసి రొయ్యలు తీసే పట్టుబడి రోజున చెరువుకో తట్ట రొయ్యలు మా గుహ ముందు దించండి, అంతే."

నూకాలు అనే నీటికుక్క గంతేసింది. దాని చెరువులో ఆ ఏడు వల వేస్తే పిల్ల రొయ్యలే తప్ప పెద్దవి పడటం లేదు. ఇంట్లో పిల్లల కడుపులు ఆ చెరువు మీదే ఉన్నాయి.

"పోసేద్దాం వదినా! మళ్లీ తొట్లూ, చూడటాలూ అంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది."

తాబేలమ్మ తల కొంచెం బయటపెట్టింది. "వికటిస్తే నీ ఒక్క చెరువుతో పోదమ్మా. అందరి నీళ్లూ ఈ ఏట్లోవే. రాజ్యమంతా తినే రొయ్య ఇది."

పౌర్ణమినాడు రెండు తొట్లలోనూ ఒకే ఈడు పిల్ల రొయ్యల్ని వదిలి, మందు ఒకదాంట్లోనే పోసింది. మళ్లీ పౌర్ణమికి చెబుతానంది.

తాబేలమ్మకున్న సుఖం ఒక్కటే. మధ్యాహ్నం పూట గట్టెక్కి ఎండ కాచుకోవడం. కళ్లు మూసుకుందంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఆ సంగతి మడ చెట్ల చాటున తిరిగే నక్కకూ తెలిసింది.

పౌర్ణమి రానే వచ్చింది. నీటికుక్కలూ, సముద్రపు పిట్టలూ తొట్ల చుట్టూ చేరాయి. ఏటి పెద్ద గూడబాతు వచ్చి, మందు తొట్టిలో ముక్కు ముంచి పైకెత్తింది. జానెడు రొయ్య! రెండో తొట్టిలోవి ఏదో ఓ మాదిరిగా ఎదిగాయి.

"ఏం తాబేలత్తా, ఇంకా అనుమానమేనా?" అంది నక్క తోక ఎగరేస్తూ.

నీటికుక్కలు ఈలలు వేశాయి. నూకాలు అప్పుడే మందు సొరబుర్రను చంకనెత్తుకుంది. "పోయమంటావా వదినా?"

అందరి కళ్లూ తన మీదే. తాబేలమ్మకు తల లోపలికి లాక్కోవాలనిపించింది. లాక్కుంటే సరేనన్నట్టే అనుకుంటారు, సాయంత్రానికి ఏరంతా పచ్చబడుతుంది. అందుకని లాక్కోలేదు. రెండు తొట్ల అడుగులూ నెమ్మదిగా దేవి చూసింది.

"ఆగు నూకాలూ. కుబుసాలేవి?"

"కుబుసాలేంటత్తా?" అంది నక్క.

"రొయ్య ఎదగాలంటే ఒంటి మీది పెంకు విడవాలి. విడిస్తేనే ఒళ్లు పెరిగేది. మందు వేయని తొట్టి అడుగున పల్చటి కుబుసం తునకలున్నాయి. జానెడు పెరిగిన వీటి తొట్టేమో కడిగినట్టుంది."

"తినేసుంటాయి. రొయ్యలకు ఆ అలవాటుందిగా!"

"ఉంది. ఆ తొట్టిలోవీ తిన్నాయి. అయినా తునకలు మిగిలాయి కదా?"

నక్క గొంతు సవరించుకుంది. "అదే మా మందు గొప్ప! పెంకు విడవకుండానే పెరుగుతాయి."

నూకాలు సొరబుర్ర కింద దించేసింది. "మా చిన్నదానికి నిరుటి గౌను చంకల్లో చిరిగిపోయింది. గౌను మార్చకుండానే పిల్ల జానెడు ఎదిగిందంటే నమ్మడానికి నేనంత వెర్రిబాగుల దాన్నా మావా?"

సముద్రపు పిట్టలు కిచకిచా నవ్వాయి. గూడబాతు నవ్వలేదు.

"అంటే ఇవి పెరిగినవి కావు, ఎవరో మార్చినవి. మరి ముందు వదిలిన పిల్ల రొయ్యలేమయ్యాయి?"

నక్క జవాబు చెప్పబోయింది. మాటకు బదులు పెద్ద త్రేన్పు వచ్చింది. ముందు వరసలో ఉన్న పిట్టలన్నీ ముక్కులు తిప్పుకున్నాయి.

నూకాలు తొట్టిలోకి వంగి చూసింది. రొయ్యల మీసాలకు ఎర్రమట్టి జీర. ఆ మట్టి ఏటి గట్టున తన చెరువులో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఓరి నీ మొహం మండా! నా రొయ్యలు ఎదగడం లేదని ఏడుస్తున్నానే, ఎదిగినవాటిని ఎదిగినట్టే ఏరుకుపోతున్నది నువ్వా?"

నక్క తోక ముడిచి పరుగందుకుంది. నూకాలు మడ చెట్ల దాకా తరిమి, నోట్లో నాలుగు నక్క వెంట్రుకలతో తిరిగొచ్చింది.

"ఇకనుంచి ఎవరైనా పెరిగిందని చెబితే, విడిచిన కుబుసం చూపించమని అడగండి," అంది గూడబాతు. ఆ మాట ఏటి గట్టున నిలిచిపోయింది.

నూకాలు కసిగా సొరబుర్ర ఎత్తి నేలకేసి కొట్టబోయింది. తాబేలమ్మ ఎన్నడూ లేనంత చురుగ్గా అడ్డం పడింది.

"పగలగొట్టకు! నక్క దొంగని తేలింది. మందు సంగతి ఇంకా తేలలేదు."

మర్నాడు పొద్దున్నే తాబేలమ్మ రెండు తొట్లూ శుభ్రంగా కడిగింది. నూకాలు చెరువులోంచి పిల్ల రొయ్యల్ని తెచ్చి రెండింటిలోనూ వదిలి, ఒకదాంట్లో ఆ పచ్చటి రసమే పోసింది. ఎండ కాచుకునే చోటు గట్టు మీంచి తొట్ల మధ్యకు మార్చుకుని, తల బయటే పెట్టుకుని కూర్చుంది.