నీలం గేటు వారింటి తోడు

"మబ్బులో దాచుకున్న వస్తువు వాన పడితే తడుస్తుందా, తడవదా?" అని అడిగింది అమ్మమ్మ.

మనవరాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాపట్ల ఆడపిల్లల బడిలో ముప్పై ఆరేళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన శేషారత్నం టీచరు ఆవిడ. ఎవరైనా ప్రశ్న అడిగితే బదులుగా ఇంకో ప్రశ్న వేస్తుంది. ఆ పైన జవాబు దానంతటదే తోడుకునే దాకా గిన్నె కదపకుండా కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం మాట మొదలుపెట్టింది పెద్దమనవరాలు వకుళ. పాలిటెక్నిక్‌లో రెండో ఏడు కంప్యూటర్లు చదువుతోంది. సోమవారం క్లాసులో క్లౌడ్ కంప్యూటింగ్ మొదటి పాఠం తనే లేచి చెప్పాలి. పుస్తకం నాలుగుసార్లు చదివింది. మాటలన్నీ వచ్చాయి గానీ వాటి మీద నమ్మకం ఒక్కటే కుదరలేదు. ముగ్గురూ డాబా మీద, మెట్ల గది నీడలో కూర్చున్నారు. ఎదురుగా పాత చీర మీద చల్ల మిరపకాయలు ఎండుతున్నాయి. వాటి మీదుగా తెల్లటి మబ్బులు సముద్రం వైపు నుంచి, ఏ పనీ లేనట్టు, నడిచి వస్తున్నాయి. చూస్తూ కూర్చుంటే మబ్బు ఆగిపోయి డాబాయే కదులుతున్నట్టుంటుంది.

"తడుస్తుంది," అంది తొమ్మిదేళ్ళ ఇందు.

"ఇది ఆ మబ్బు కాదే! పేరుకే మబ్బు," అంది వకుళ. "నిజానికి ఎక్కడో నేల మీదే, పెద్ద పెద్ద గదుల్లో వేల కంప్యూటర్లుంటాయి. మనం కొనక్కర్లేదు. ఇంటర్నెట్ దారిన వెళ్ళి, కావలసినంత పని చేయించుకుని, అక్కర తీరాక వదిలేసి రావడమే."

"అయితే మన పిండి మర," అంది అమ్మమ్మ. "మా అమ్మ రోట్లో దంచేది. రోలు మాదే, చేతులూ మావే, నడుంనొప్పీ మాదే. ఇప్పుడు డబ్బా పట్టుకెళ్ళి పట్టించుకొస్తున్నాం. పండగైతే రెండు డబ్బాలు, లేకపోతే అసలు లేదు. ఆ మోటారు ఎవరు బాగు చేయించారో మనకెందుకు?"

"మొన్న మన ముందు ఎవరో కారం ఆడించుకున్నారు," అని గుర్తుచేసింది ఇందు. "అమ్మమ్మ ముందు గుప్పెడు నూకలు మరలో పోయించి కడిగించింది. అయినా అరిసెలు ఘాటెక్కాయి."

వకుళ నవ్వింది. "అదీ ఉంది పుస్తకంలో. ఒకే మిషను మీద వంద మంది పని జరుగుతుంటుంది. ఒకరిది ఒకరికి తగలకుండా మధ్యలో గోడలు కడతారు." అని, అంతలోనే మొహం ముడుచుకుంది. "కానీ మరవాడు మన పిండి మనకిచ్చి పంపేస్తాడు. వీళ్ళ దగ్గర మన వస్తువే వదిలి రావాలి. ఏ ఊళ్ళో ఉందో తెలీదు. ఒక్కదానికి రెండు మూడు నకళ్ళు తీసి తలో చోటా పెడతారట. కళ్ళెదురుగా లేనిది నాదెలా అవుతుంది అమ్మమ్మా? నేను మాత్రం అన్నీ ఇందులోనే పెట్టుకుంటాను." మెడలో దారానికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్ పట్టుకుని చూపించింది.

"పెళ్ళి కాకుండానే తాళి కట్టుకుంది," అంది ఇందు.

అమ్మమ్మ మిరపకాయల్ని ఒకసారి అటూ ఇటూ కదిపి, "కిందికెళ్ళి పెరుగు చిలికి, ఉప్పేసి బేసిన్లో పోసి ఉంచు. సాయంత్రం వీటిని మళ్ళీ అందులో వెయ్యాలి," అంది.

చల్ల మిరపకాయల సంగతి తెలిసిందే. పగలంతా ఎండాలి, రాత్రంతా ఉప్పు మజ్జిగలో నానాలి. మూడు నాలుగు రోజులు అదే వరస. వకుళ కిందికి వెళ్ళింది. చెప్పిన పని చెప్పినదానికంటే బాగా చేసే పిల్ల. గిన్నెలో పెరుగంతా వంచి, అంచులకున్న మీగడ కూడా వేలితో తీసి, గుప్పెడు ఉప్పేసి చిలికింది. గిన్నె తళతళలాడేలా తోమి ఎండలో బోర్లించింది. ఆ తళుకులో చిన్న మబ్బు ఒకటి వంకరగా తేలుతుంటే, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

ఎండ వాలాక అమ్మమ్మ దిగివచ్చి, సాయంత్రం పాలు కాచి దించి, వంటింటి గట్టు వైపు చూసింది.

"తోడుకి తీసి ఎక్కడ పెట్టావమ్మా?"

వకుళ తను తోమి బోర్లించిన గిన్నె వైపు చూసింది. ఆ ఇంట్లో గరిటెడు తోడు పక్కన పెట్టకుండా పెరుగు గిన్నె కడగడమనేది ఎన్నడూ లేదు. అది అమ్మమ్మ వాళ్ళమ్మ ఇంటి తోడు. యాభై రెండేళ్ళ క్రితం అమ్మమ్మ కాపురానికి వచ్చిన రోజున, రేపల్లె నుంచి చిన్న పింగాణీ జాడీలో, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఆవిడ నగలు పోయాయి, ఆ జాడీ పగిలిపోయింది, వాళ్ళమ్మ ఫోటో కూడా చెదలు తినేసింది. తల్లి చేతిది ఇంట్లో ఇంకా బతికి ఉన్నది ఆ పెరుగొక్కటే. రోజూ నిన్నటిది ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి. ఇప్పుడది గుప్పెడు ఉప్పు పడి, తోడుకి పనికిరాకుండా, బేసిన్లో మిరపకాయల కోసం ఎదురు చూస్తోంది.

"కొట్లో పెరుగు పేకెట్టు తెస్తా," అంది ఇందు మెల్లిగా.

అమ్మమ్మ బేసిన్ కేసి చూసింది. ఆవిడ చెయ్యి గట్టు మీద ఒక్క క్షణం ఊతగా ఆగింది. వకుళ ఏడుపు మింగలేక, "ఒక్క గిన్నెలోనే ఉంది కదా అమ్మమ్మా, ఆ ఒక్కటీ నేనే కడిగేశాను," అంది.

"ఏడవడానికి టైము లేదు. దీపాల వేళ అయితే ఈ వీధిలో ఉప్పూ, సూదీ, తోడూ ఎవరూ గడప దాటనివ్వరు." చిన్న గిన్నెలో నాలుగు ఎండిన మిరపకాయలు వేసి చేతికిచ్చింది. "ఖాళీ గిన్నెతో వెళ్ళకూడదు. నాలుగో ఇల్లు, మస్తానమ్మ. మా పెరుగు మాకు కాస్త పెట్టమన్నానని చెప్పు."

'మా పెరుగు' అన్న మాట వకుళకి అర్థం కాలేదు. అయినా పరుగెత్తింది. మబ్బు నీడ ఒకటి వీధి పొడవునా తనతో పాటే, తనకంటే కొంచెం ముందుగా, జారిపోతోంది.

మస్తానమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "ఏందమ్మాయ్, టీచరమ్మ ఇంట్లో తోడు లేదా? ఇంక సూర్యుడు కూడా నిప్పు అడుక్కోడానికి మా ఇంటికే వస్తాడు!" అని గట్టిగా నవ్వింది. వకుళ కళ్ళు చూసి నవ్వు ఆపేసింది. "అయ్యో తల్లీ! నా దగ్గరుంది మీదే. ఇరవయ్యేళ్ళ నాడు మీ అమ్మమ్మ చేత్తో తెచ్చుకున్నదే. కానీ మా చెల్లెలి పిల్లలొచ్చి మధ్యాహ్నమే కుండ నాకేసి పోయారు. నేనే రేపటికి అడుక్కుందామని చూస్తున్నా."

వకుళ చేతిలో గిన్నె కిందికి దించేసింది. పడమట ఎర్రదనం సగానికి దిగింది.

"అట్లా నీరుగారిపోతావేంది? మా కోడలు ఎనిమిదేళ్ళ నాడు తన పుట్టింటికి నా దగ్గర్నుంచే పట్టుకుపోయింది. సందు చివర నీలం గేటు వాళ్ళదే. ఎవరి పిల్లవో గట్టిగా చెప్పు, ముసలాయన కొత్తవాళ్ళకి గేటు తియ్యడు."

ఆ ఇంటికి వకుళ ఎన్నడూ వెళ్ళలేదు. గేటుకి గొళ్ళెం వేసి ఉంది. లోపల దీపం కుందిలో నూనె పోస్తున్న పెద్దాయన తలెత్తి, "ఎవరు?" అన్నాడు.

"శేషారత్నం టీచరుగారి మనవరాలినండీ."

"ఏ టీచరు?"

"సైన్సు టీచరండీ. మస్తానమ్మగారు పంపారు."

ఆయన గొళ్ళెం తీశాడు. విషయం విని, నూనె చెంబు పక్కన పెట్టి, గిన్నెలో మిరపకాయలు తీసుకుని, దాన్లో పెద్ద గరిటెడు పెరుగు వేసి తెచ్చాడు. "మా ఇంటి తోడమ్మా ఇది. చాలా పాతది. జాగ్రత్తగా పట్టుకెళ్ళు," అన్నాడు గర్వంగా.

వకుళ రెండు చేతులా గిన్నె అందుకుంది. గేటు దాటాక చిటికెన వేలితో కాస్త నాకి చూసింది. ముందు కమ్మదనం, తర్వాత ఎక్కడో వెనకాల చిన్న పులుపు. చిన్నప్పటి నుంచీ ప్రతి అన్నం చివర తిన్న రుచి. ముఖం తెలియని ఇంట్లో, వాళ్ళు తమదే అనుకుంటూ, తన కోసం అని ఎవరూ అనుకోకుండా, ఇన్నాళ్ళూ బతికే ఉంది. ఆమె వెనక దీపం వెలిగింది.

ఇంటికి వచ్చి తోడు పాలలో వెయ్యబోతుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ముందు పాలలో వేలు పెట్టి చూడు."

"వేడిగా ఉన్నాయి."

"తోడు ఎవరింట్లో ఎంత భద్రంగా ఉన్నా, మరిగే పాలలో వేసి చంపితే అది వాళ్ళ తప్పు కాదు. గోరువెచ్చన మన పని."

ముగ్గురూ పాలు చల్లారే దాకా కూర్చున్నారు. తోడు కలిపాక వకుళ ఆలోచించి, పాలు రెండు గిన్నెల్లో పోసింది.

"ఒకటి ఇక్కడుంటుంది," అంది. "రెండోది తెల్లారగానే మస్తానమ్మగారికి ఇచ్చి వస్తాను."

అమ్మమ్మ వకుళ మెడలోని పెన్‌డ్రైవ్ కొసని ఒకసారి వేలితో తట్టింది, బళ్ళో గంటను తట్టినట్టు.

"మరి ఇది ఇప్పుడు మనదా, వాళ్ళదా అమ్మమ్మా?" అని వకుళ అడిగింది. అంతలో కిటికీ చువ్వల మీద టప్పున ఒక చినుకు పడింది. ఇంకొకటి.

"మబ్బు సంగతి మబ్బు చూసుకుంటుంది," అంటూ అమ్మమ్మ చీర చెంగు బొడ్లో దోపుకుని లేచింది. "మిరపకాయలు మాత్రం మనమే తియ్యాలి." ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని డాబా మెట్లెక్కి వెళ్ళిపోయింది.