తెర వెనక మూడు గొంతులు

అనగా అనగా మణిద్వీపాన్ని ఏలే కీర్తిసేనుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఉన్నట్టుండి రాణిగారికి చూపు మసకబారుతూ వచ్చింది.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. ఏ మందయినా సరే తాటాకుల మీద రాసి, పేరు పెట్టకుండా, తాడుతో కట్టి తెర వెనక్కి పంపాలి. అక్కడ ముగ్గురు పండితులు చదివి తీర్పు చెబుతారు. రాసిందెవరో వాళ్లకి తెలియకూడదు, చదివిందెవరో వీళ్లకి తెలియకూడదు. భయం, మొహమాటం లేకుండా నిజం చెప్పాలని పెద్దలు పెట్టిన పద్ధతి అది. ఆ పండితుల్ని కూర్చోబెట్టే పని మాంత్రికుడు ధూమకేశుడిది.

పెద్దకొడుకు ఒక మందు తెచ్చాడు. తెర వెనక మూడు గొంతులూ పనికిరాదన్నాయి. నడిపివాడు తెచ్చాడు. పనికిరాదన్నాయి. చిన్నవాడు జయశీలుడు ఏడు సముద్రాలు దాటిపోయి, అక్కడి వైద్యుడి కూతురు మందారవల్లి తన చేత్తో తవ్వి ఇచ్చిన వేరు తెచ్చాడు. అదీ పనికిరాదన్నాయి. ధూమకేశుడి శిష్యుడు పంపిన భస్మాన్ని మాత్రం మూడు గొంతులూ మెచ్చుకున్నాయి. ఆ భస్మం పెట్టాక రాణిగారి కుడికన్ను పూర్తిగా పోయింది.

ఇక మిగిలింది ఒక్క కన్ను.

జయశీలుడికి కడుపు మండిపోయింది. వేరు కోసం వెళ్లిన దారిలో వరదకి కొట్టుకుపోతుంటే తను ఆకు వేసి ఒడ్డుకు చేర్చిన చీమలరాణిని తలుచుకున్నాడు. అది వచ్చి, తెర కిందనుంచి దూరి, అంతా చూసి వచ్చింది.

"నాయనా, అక్కడ పండితులూ లేరు, పాడూ లేదు. గొలుసుతో కట్టేసిన చిలక ఒకటుంది. మాంత్రికుడి ప్రాణం దాంట్లోనే ఉంది, అది ఎగిరిపోతే వాడు బతకడు. వాడు నేర్పినట్టు మూడు గొంతులు పెట్టి మాట్లాడుతుంది. కట్ట విప్పనైనా విప్పదు, ముడి చూస్తుంది. వాడి శిష్యులంతా ఎడమవైపుకి తిప్పి ముడేస్తారు. ఆ ముడి కనబడితే మెచ్చుకుంటుంది. లేకపోతే పనికిరాదంటుంది."

జయశీలుడు ఖాళీ తాటాకులు కొన్ని కట్టి ఎడమముడి వేశాడు. వేరు సంగతి రాసిన కట్టకి ఎప్పటిలాగే తన ముడి వేశాడు. రెండూ తెర వెనక్కి పంపించాడు. మొదటిదాని వంటి మందు ఇంతవరకు పుట్టలేదని మూడు గొంతులూ నిండుసభలో పొగిడాయి. రెండోది పారేయమన్నాయి.

"మహారాజా, పొగిడిన కట్టని మీ చేత్తో విప్పండి" అన్నాడు జయశీలుడు.

రాజు విప్పాడు. ఒక్కొక్క ఆకూ తిప్పి చూశాడు. ఒక్క అక్షరం లేదు. ఆయన లేచి తెర దగ్గరికి నడిస్తే ధూమకేశుడు అడ్డం నిలబడి, తెర తీస్తే పెద్దల మాట దాటినట్టేనన్నాడు.

"పెద్దలు తెర కట్టింది నిజం చెప్పేవాడికి. నువ్వు దాక్కోడానికి కాదు" అని జయశీలుడు తెర లాగేశాడు. చిలక ముందు నిలబడి, "మా అమ్మ కన్ను తీసింది ఏ గొంతు?" అని అడిగాడు.

చిలక అతని వైపు తిరిగింది. ఈసారి నాలుగో గొంతుతో, అచ్చం ధూమకేశుడి గొంతుతో, "మూడూ నావే" అంది.

జయశీలుడు దాన్ని చంపలేదు. గొలుసు విప్పాడు. చిలక ఎగిరి సముద్రం మీదికి పోయింది. అది కనుమరుగయ్యేసరికి ధూమకేశుడు నేలమీద కట్టెలా పడి ఉన్నాడు.

ఆ వేరుతో రాణిగారి ఎడమకన్ను నిలిచింది. ఆ కంటితోనే ఆవిడ, సముద్రాలు దాటి వచ్చిన మందారవల్లి మెడలో జయశీలుడు తాళి కట్టడం చూసింది. కుడికన్ను తిరిగి రాలేదు. ఆ శిష్యుల్ని జయశీలుడు బతికినన్నాళ్లూ గడప తొక్కనివ్వలేదు.

తండ్రి తరవాత అతనే రాజై చాలాకాలం ఏలాడు. తెర తీయించలేదు. దాని వెనక నిజంగా ముగ్గుర్ని కూర్చోబెట్టాడు. పేర్లు బయటికి చెప్పలేదు కానీ ముగ్గురి ముఖాలూ తనకి తెలుసు. తెర దగ్గరికి ఎవరు ఏ కట్ట తెచ్చినా, తాడు విప్పించి, మందారవల్లి తన చేత్తో మళ్లీ కట్టేది. అన్నిటికీ ఒకటే ముడి.