బోర్డు కింద బెంచీ

పైడయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఏ బోర్డు రాసినా, తగిలించిన రోజున దాని కిందే బెంచీ వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చునేవారు. బోర్డు ఉండగా కూడా ఎవరైనా వచ్చి దారి అడిగితే లేచి, దాని వెనక సుద్దతో ఒక గీత గీసేవారు. మూడు గీతలు పడ్డాయా, బోర్డు దింపి, చెరిపేసి, మళ్ళీ మొదలు. నలభై ఏళ్ళు అలాగే రాశారు, అలాగే నేర్పారు. రాయించుకున్నవాళ్ళు విసుక్కునేవారు. ఆయన వింటే కదా!

ఆయన దగ్గర పని నేర్చుకున్న సలోమికి విశాఖలో జరగబోయే అంతర్జాతీయ క్రీడోత్సవానికి గుర్తులు గీసే పని దొరికింది. నలభై దేశాలవాళ్ళు వస్తారు, ఒకరి భాష ఒకరికి రాదు. గేటు ఎటు, మంచినీళ్ళు ఎక్కడ, వైద్యం ఎక్కడ, అన్నీ బొమ్మలే చెప్పాలి. ముప్ఫై రెండు గుర్తులనూ ఆమె సముద్రపు అలలోంచే పుట్టించింది. కమిటీవారు ఆహా ఓహో అన్నారు. ఇవాళ సాయంత్రం అయిదులోగా ఆమె సంతకం పెడితే అచ్చుకు వెళ్ళిపోతాయి. ఆ సంతకమే పడటం లేదు. మూడు రోజులుగా కాగితం తీయడం, మళ్ళీ లోపల పెట్టెయ్యడం. పెద్ద పెద్ద కళాకారులు చూసి నవ్వితే? పేపర్లో ఏకిపారేస్తే? మొదటి పెద్ద పని, ఇది చెడితే మళ్ళీ పిలిచేదెవరు? కాగితాలు చంకన పెట్టుకుని పొద్దున్నే మాస్టారింటికి వచ్చిపడింది.

"ఈ భయం ఎప్పటికి పోతుంది మాస్టారూ?"

మాస్టారు కాగితాలు అందుకున్నారు. కట్టంతా తిరగేసి, "ఇందులో నీకు బాగా ముద్దొచ్చేది ఏదమ్మా?" అన్నారు. ఆమె ప్రథమ చికిత్స గుర్తు చూపించింది. ఒక అల లేస్తూ లేస్తూ రెండు చేతులుగా మారి, ఒరిగిపోతున్న మనిషిని పట్టుకుంటుంది. నిజంగానే అందమైన బొమ్మ. ఆయన చొక్కా తొడుక్కుని, రంగుల సంచి భుజాన వేసుకుని, "పద" అన్నారు.

ఊళ్ళో బస్‌స్టాండులో కొత్తగా తెరిచిన ప్రథమ చికిత్స గదికి ఇంకా బోర్డు పెట్టలేదు. అక్కడి సూపర్‌వైజరును అడిగి, సలోమి బొమ్మను అట్టకు అంటించి ఆ తలుపు పైన తగిలించారు. పక్కనే బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. కాలేజీ పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. "ఎంత బాగుందో కదే" అని ఒకమ్మాయి అంటుంటే సలోమికి మూడు రోజుల తరవాత మొదటిసారి ఊపిరి ఆడింది. సంతకం చెయ్యాల్సిన కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది కూడా.

పన్నెండు దాటాక ఒక పెద్దాయన, భుజం మీదికి వాలిపోయిన భార్యను నడిపించుకుంటూ వచ్చాడు. ఎండ దెబ్బ. ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన తలెత్తి బొమ్మ వంక చూశాడు. బాగానే చూశాడు. చూసి, ఆ తలుపు ముందునుంచే దాటి వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"తల్లీ, డాక్టరు గది ఎటేపమ్మా? ఇందాకట్నుంచీ తిరుగుతున్నాం."

సలోమి ఒళ్ళో కాగితం పక్కన పడేసింది. లేచి, ఆవిడను రెండు చేతులా పట్టుకుని, తన బొమ్మ కిందున్న తలుపునే భుజంతో తోసుకుని లోపలికి తీసుకెళ్ళింది. నర్సు ఆవిడను పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, కొంచెం తేరుకున్నాక ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించింది. ఆవిడ సరిగ్గా కళ్ళు తెరవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ సలోమికి ప్రాణం ప్రాణంలో లేదు.

బయటికి వచ్చేసరికి మాస్టారు అట్ట దింపి, వెనక్కి తిప్పి పెట్టుకున్నారు. సుద్దముక్క అందించారు. ఆమె గీత గీసింది. మూడో గీత దాకా ఆగలేదు. సంచిలోంచి రంగులు తీసి, అక్కడే నేల మీద కూర్చుని, అల లేకుండా, చేతులు లేకుండా, ఆకుపచ్చ మీద తెల్లగా పెద్ద కూడిక గుర్తు ఒక్కటే వేసి తగిలించింది. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ ఫోటో దిగలేదు. బస్సు తలుపు సందులో వేలు నలిగిన కండక్టరొకడు మాత్రం, ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు కమిటీ అధికారి ఫోను చేశాడు. మిగతా ముప్ఫై ఒకటీ ఇలాగే తగిలించి, కింద కూర్చుని చూడందే సంతకం పెట్టనని ఆమె చెప్పింది. ఆయన గయ్యిమన్నాడు. నీకు ఇంకో పని దొరికినట్టేలే అన్నాడు. ఆమె అంతా విని ఫోను పెట్టేసింది.

"భయం పోయిందా?" అని అడిగారు మాస్టారు.

"ఎక్కడ పోయింది మాస్టారూ. ఆ పెద్దాయన బొమ్మ వంక చూసిన చూపే కళ్ళ ముందు ఆడుతోంది. ఆటలప్పుడు ఇంకెంతమంది అలా చూసి దాటిపోతారోనని..."

మాస్టారు బెంచీ మీంచి లేచి, సంచి ఆమె భుజానికి తగిలించారు.

"ఈ భయాన్ని మాత్రం పోనివ్వకమ్మా."