గట్టు కింద కుందేలు

మూడు వాగులు కలిసే చోట ఇప్పవనం అనే అడవి ఉండేది. అందులో జింకలు, దుప్పులు, ఎలుగులు, కోతులు, కుందేళ్ళు, ఒక ముసలి ఏనుగమ్మ ఉండేవి. నాలుగేళ్ళకోసారి అన్నీ కలిసి ఒక పెద్దను ఎన్నుకునేవి.

ఆ ఏడు, అంతవరకూ పెద్దగా ఉన్న ఎలుగుబంటి భల్లన్న ఓడిపోయాడు. దుప్పి కొమ్ములరాయుడు గెలిచాడు. పాపం, మర్నాటికే రాయుడికి తల తిరిగిపోయింది. మేత ఎండిపోతోందని జింకలు వచ్చాయి. పక్క అడవి తోడేళ్ళు సరిహద్దు దాటుతున్నాయని లేళ్ళు వచ్చాయి. చెట్లన్నీ మావంటే మావని కోతులూ కొండముచ్చులూ కొట్టుకుంటూ వచ్చాయి. ఎన్నికలప్పుడు అందరికీ సరేనన్నాడు మరి!

చివరగా చెవులమ్మ అనే కుందేలు వచ్చింది. ఆమె నలుగురు పిల్లల తల్లి. ఆమె బొరియ చెరువు గట్టు కింద ఉంది.

"అయ్యా, గట్టు అడుగున నీరు ఊరుతోంది. అది కట్టించింది భల్లన్న. లోపం ఎక్కడుందో ఆయనకే తెలుసు. ఒక్కసారి పిలిపించండి."

రాయుడు మూతి ముడిచాడు. "ఓడినవాణ్ణి సలహా అడిగితే నా పరువేం కావాలి? తీరిక దొరకనీ, వాడి గట్టు తీసేసి నా గట్టు కడతాను."

కుందేలు ఎలుగు గుహకు పరుగెత్తింది.

"పిలవని చోటికి నేను రాను," అన్నాడు భల్లన్న, అటు తిరిగి కూర్చుని.

"మీ పంతాలు మీవి. గట్టు కింద ఉన్నది నా పిల్లలు," అంది చెవులమ్మ. ఆ పూటే పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని మిట్ట మీదికి చేర్చింది.

మూడో రోజు పెద్ద వాన కురిసింది. గట్టు తెగింది. కుందేలు బొరియ కొట్టుకుపోయింది. వేసవికని దాచుకున్న నీళ్ళన్నీ వాగులో కలిసిపోయాయి.

రాయుడు బురదలో నిలబడి ఏడ్చాడు. తర్వాత తల వంచుకుని గుహకు వెళ్ళాడు. "తప్పయింది అన్నా. ముందే నిన్ను అడగాల్సింది."

భల్లన్న మెత్తబడ్డాడు. "నేనేమైనా తక్కువ తిన్నానా తమ్ముడూ? అక్కడ నేల మెత్తన, గట్టు నిలవదని ఏనుగమ్మ నాకు చెప్పబోయింది. కొత్తగా గెలిచిన ఊపులో నేనూ వినలేదు. నీరు ఊరినప్పుడల్లా మట్టి పూసి సరిపెట్టాను."

ఇద్దరూ ఏనుగమ్మను అడిగి, గట్టి నేల మీద రాళ్ళు పేర్చి కొత్త గట్టు కట్టారు. ఆ వేసవి మాత్రం అడవి అంతా దాహంతో అల్లాడింది.

తర్వాతి ఎన్నికల్లో అందరూ చెవులమ్మను ఎన్నుకున్నారు. కోతులు పూలదండ తెచ్చాయి.

"దండ తర్వాత," అంది చెవులమ్మ. "ముందు రాయుడన్ననూ, భల్లన్ననూ, ఏనుగమ్మనూ పిలవండి. మిగిలిపోయిన పనులేమిటో నేను వినాలి."

ముగ్గురూ వచ్చారు. రాయుడు కాసేపు నసిగి, మెల్లగా చెప్పాడు. "కొత్త గట్టుకు ఉత్తరం వైపు ఒకచోట చెమ్మ ఉందమ్మా. అక్కడ రాళ్ళు నేనే సరిగా పేర్చలేదు."

"పద అన్నా, చూపించు," అంది చెవులమ్మ. అందరూ గట్టు వైపు నడిచారు.

నీతి: పదవిలోకి కొత్తగా వచ్చినవారు ముందున్నవారిని అడగాలి, దిగిపోయినవారు దాచకుండా చెప్పాలి. వాళ్ళ పంతాలకు నష్టపోయేది గట్టు కింద ఉన్నవాళ్ళే.