కాశింబీ ఆఖరి ముడి

అనగా అనగా, విమానాలకి నెత్తిన కప్పు లేని కాలం. వినే ఓపికుంటే దగ్గరికి రండి, నిద్రొస్తే పక్కకి జరిగి పడుకోండి. ఈ కథ కాశింబీది.

కాశింబీ పరుపులు కుట్టే మనిషి. దూది ఏకడం, దబ్బనం పట్టడం తప్ప ఇంకో పని తెలీదు. ఊరవతల చవిటి నేలలో విమానాలు దిగే మైదానం వేశారు. కప్పు లేని విమానాలాయె, పైకెళ్ళేసరికి చలి ఎముకల్ని కొరికేసేది. కుర్రాళ్ళు పెదాలు నల్లబడి, వేళ్ళు కొయ్యబారి దిగేవాళ్ళు. కాశింబీ వాళ్ళ వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుని రుద్దేది.

"ఏం పాపం చేశార్రా నాయనా, ఇంత పల్చటి కోట్లిచ్చి పైకి తోలుతున్నారు?"

ఊరికే ఏడ్చి ఊరుకునే రకమా! మైదానం వెనక పారేసిన పాత తోలుకోట్లు ఏరుకొచ్చింది. కుట్టు కుట్టూ విప్పింది. మెడ దగ్గర ఉన్ని ఎందుకు, మణికట్టు దగ్గర బిగుతు ఎందుకు, అన్నీ వేళ్ళతో తడిమి నేర్చుకుంది. గొల్లల దగ్గర గొర్రెతోలు తెచ్చి అచ్చం అలాంటిదే కుట్టింది. మొదటి కోటు మరీ ఘోరం లెండి. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అయినా వేసుకున్నవాడు కిందికి దిగి, "అవ్వా, అమ్మ ఒళ్ళో కూచున్నట్టుంది" అన్నాడు.

ఇంక ఆగుతుందా? పాత కోటు కనిపిస్తే తెచ్చేది, పాత టోపీ కనిపిస్తే తెచ్చేది, చిరుగుపేలిక కనిపించినా తెచ్చేది. గుడిసెలో మనిషి నిలబడే చోటు లేకుండా అయింది.

ఆమెకో అలవాటుండేది. పరుపు కుడితే ఆఖరి ముడి వెంటనే వేసేది కాదు. ఇంటివాళ్ళు పడుకుని, దూది సర్దుకున్నాక, మర్నాడు పోయి వేసేది. కోటుకీ అంతే. ఒంటికి తోలు సర్దుకోవాలిగా! దారం కొస వదిలేసి చెప్పేది:

"వెళ్ళిరా నాయనా. ముడి వచ్చాక వేస్తా."

పోను పోను అది కుర్రాళ్ళకి గుండెధైర్యమైపోయింది. పని మిగిలుందంటే తిరిగి రావాల్సిందే కదా! అందరూ వచ్చారా అంటే, రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? రానివాళ్ళ కోట్లు కత్తిరించగా మిగిలిన తోలు ముక్కల్ని కాశింబీ పెట్టెలో దాచి, ఒక్కత్తే ఏడ్చేది.

ఇంతలో మైదానం మీద అధికారిగా కొత్తగా ఒక పెద్దదొర వచ్చాడు. వేలాడే దారాలు చూసి మండిపడ్డాడు.

"ముళ్ళు వెయ్యి" అన్నాడు.

"వచ్చాక వేస్తా దొరా."

రెండోసారి వచ్చాడు. "ముళ్ళు వెయ్యి."

"వచ్చాక వేస్తా దొరా."

మూడోసారి వచ్చి, "ముడి లేని కోటు కనిపిస్తే కుప్పేసి తగలబెట్టిస్తా" అన్నాడు.

తగలబెడితే కుర్రాళ్ళు చలికి చస్తారు. కాశింబీ కళ్ళు తుడుచుకుంటూ అన్ని కోట్లకీ ముళ్ళేసింది.

ఆ మర్నాడే కోదండం అనే కుర్రాడు విమానంలో కొండలు దాటి వెళ్ళాలి. తల్లీ తండ్రీ లేని పిల్లాడు, ఆమె చేతి సంగటి తిని పెరిగినంత చనువు. వాడి కోటుకీ ముడి పడింది. కాశింబీకి ప్రాణం ఒప్పలేదు. "దొర కోట్లే అన్నాడు, టోపీలనలేదు" అనుకుంది. వాడి టోపీలో, చెవి మీది మడత లోపల, కుట్టు విప్పి దారం కొస వదిలేసింది. వాడికి చెప్పనైనా చెప్పలేదు.

కోదండం వెళ్ళాడు. సాయంత్రానికి రాలేదు. మర్నాడూ రాలేదు. వర్షాలు వచ్చి పోయినా రాలేదు. కాశింబీ రోజూ సూదిలో దారం ఎక్కించుకుని మైదానం గట్టున కూచునేది.

"ముడి వేసేశావుగా అవ్వా, ఇంకేం వస్తాడు?" అన్నారు జనం.

ఆమె లోపల కుమిలిపోయేది. టోపీ మడతలోని దారం వాడికి తగిలిందో లేదో ఎవరికి తెలుసు?

ఒకరోజు గట్టు మీదికి కర్ర పట్టుకుని కుంటుకుంటూ ఒకడు వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి, గడ్డం మాసిపోయి ఉన్నాడు. ఆమె ముందు కూలబడి టోపీ తీసి ఒళ్ళో పెట్టాడు.

"విమానం కొండల్లో కూలింది అవ్వా. కాలు విరిగింది. ఇక చాల్లే అనుకుని టోపీ చెవుల మీదికి లాక్కుని పడుకున్నా. దారం చెంపకి గుచ్చుకుంది. 'ఓరి నీ! అవ్వ పని మిగిలిందే' అనిపించింది. పాక్కుంటూ బయల్దేరా. చెంచుగూడెం వాళ్ళు కనిపెట్టి, కట్టు కట్టి, నిలబెట్టారు."

కాశింబీ వాణ్ణి వాటేసుకుని గట్టుగట్టంతా వినబడేలా ఏడ్చింది. తర్వాత టోపీ దారానికి ముడి వేసి, కొస పంటితో కొరికేసింది. దొర ఆ తర్వాత దారాల ఊసెత్తితే ఒట్టు.

కాశింబీ పండుముసలై, ఒళ్ళో కోటు ఉండగానే కన్నుమూసింది. ఆఖరి ముడి మిగిలిపోయింది. ముడేసి ఎవరికైనా ఇద్దామన్నారు. జుట్టు నెరిసిన కోదండం అడ్డుపడ్డాడు.

"ముట్టుకోకండి. అవ్వ వచ్చాక వేస్తుంది."

ఆ వైపు ఊళ్ళలో ఇప్పటికీ, దూరం వెళ్ళే పిల్లల చొక్కా అంచున తల్లులు ఒక దారం కొస వదిలేస్తారు. "ముడి వచ్చాక వేస్తా" అని పంపిస్తారు. ఆమె ఒళ్ళో మిగిలిపోయిన ఆ కోటు కూడా అక్కడే ఉంది. ఏటేటా ఎండలో వేసి, దులిపి, మళ్ళీ లోపల పెడతారు. ముడి మాత్రం ఎవరూ వెయ్యరు.